బెత్తమా, గారాబమా, చేతికో పనా: ఏది మేలు?

మొన్న వేసవి సెలవులకి పిల్లలిద్దర్నీ పలాస దగ్గర మా ఊళ్ళో అమ్మ దగ్గర దింపాం. వారం తర్వాత విజయనగరం నుంచి నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి ఐదేళ్ళ బాబు అరుగు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. అమ్మ వాడి నోట్లో ముద్దలు పెడుతోంది. తొమ్మిదేళ్ళ పాప పక్కనే నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఒక ముద్ద నచ్చక వాడు అమ్మ చీర మీదే ఉమ్మేశాడు. అమ్మ నవ్వేసింది. "ఏటి సేస్తామమ్మా, మగోడు కదా, ఆమాత్రం పొగరుంటాది" అంది మా ఆవిడతో.

"రెండు తగిలిస్తే దారికొస్తాడు అత్తమ్మా" అంది మా ఆవిడ.

"నానెప్పుడన్నా నా పిల్లల మీద సెయ్యి సేసుకున్నానా?" అంది అమ్మ.

చేసుకుంది. చింతబరికె నాకు బాగా గుర్తు. మనవల దగ్గరకొచ్చేసరికి ఆ చెయ్యి మెత్తబడింది, అంతే. ఆ రాత్రి డాబా మీద పడుకున్నాక కూడా వాళ్ళిద్దరి వాదన తెగలేదు. భయం పెట్టి పెంచాలని ఒకరు, ముద్దు చేసి పెంచాలని ఒకరు.

బెత్తం సంగతి ముందు చూద్దాం. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెతని మనవాళ్ళు బెత్తానికి లైసెన్సులా వాడుకున్నారు. 1960ల్లో అమెరికాలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెంపకాన్ని మూడు రకాలుగా చెప్పింది. చెప్పింది చెయ్యి, ఎందుకని అడక్కు అనేది ఒకటి. ఏం చేసినా సరేననేది రెండోది. నియమం గట్టిగా పెడుతూనే కారణం చెప్పి, పిల్లల మాట కూడా వినేది మూడోది. ఆమె మొగ్గు ఈ మూడోదానికే. అయితే ఆమె చూసినవి ఎక్కువగా అక్కడి తెల్లవాళ్ళ మధ్యతరగతి ఇళ్ళు. 1994లో రూత్ చావ్ అనే పరిశోధకురాలు దీనికి అడ్డం తిరిగింది. చైనా కుటుంబాల్లో కట్టడి అంటే ప్రేమ లేకపోవడం కాదని, పక్కనే ఉండి తీర్చిదిద్దడమని, ఆ మూడు గళ్ళలో అది ఇమడదని ఆమె వాదన. మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పొద్దున్న ఇల్లెగిరేలా తిట్టిన నోటితోనే మధ్యాహ్నం "కూడు తిన్నావేట్రా" అని అడిగే తల్లులు మనవాళ్ళు.

కానీ కట్టడి వేరు, దెబ్బ వేరు. జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ అనే పరిశోధకురాలి బృందం చైనా, భారత్, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్‌లలో తల్లుల్నీ పిల్లల్నీ అడిగి 2005లో ఫలితాలు ప్రచురించింది. కొట్టడం మామూలే అనుకునే చోట చెడు కొంచెం తక్కువగా కనబడింది. తక్కువే తప్ప లేకుండా పోలేదు. అక్కడ కూడా ఎక్కువ దెబ్బలు తినే పిల్లల్లోనే దూకుడూ బెంగా ఎక్కువ. దూకుడు పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయేమో అని మీరు అడగొచ్చు, న్యాయమైన అనుమానమే. అయినా "మేమూ తిన్నాం, బాగానే ఉన్నాం కదా" అనేవాళ్ళకి ఈ ఫలితాలు సగం జవాబు. మిగతా సగం మా ఇంట్లోనే ఉంది. చింతబరికె వల్ల నేను నేర్చుకున్నదల్లా అమ్మ వచ్చే అడుగుల చప్పుడు గుర్తుపట్టడం.

ఇక గారాబం. మా పలాస వైపు ఉద్దానం ఊళ్ళలో మామ్మల పెంపకం సరదా వ్యవహారం కాదు. కూలి పనికి తల్లీతండ్రీ హైదరాబాదో చెన్నైయో వెళ్ళిపోతారు. సముద్రపు ఒడ్డు ఊళ్ళ మగవాళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్లెక్కుతారు. పిల్లలు ముసలివాళ్ళ దగ్గర పెరుగుతారు. అలాంటి మామ్మ ఒక ముద్ద ఎక్కువ పెడితే పాడుచేస్తోందనడానికి నాకు నోరు రాదు.

పైగా మనం గారాబమని తిట్టేదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మా ఊళ్ళో చంటిపిల్ల నేల మీద ఉండేది తక్కువ. అమ్మ చంకలోంచి అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) చంకలోకి, అక్కణ్ణుంచి పక్కింటి పిన్ని చంకలోకి. విజయనగరంలో మా ఫ్లాట్‌లో అయితే దుప్పటి పరిచి, గిలక్కాయ పెట్టి, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళం. దాదాపు ఇలాంటి తేడానే హైడీ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కామెరూన్‌లోని న్సో తెగ పల్లె తల్లులకీ గ్రీసు పట్టణపు తల్లులకీ మధ్య చూసి 2004లో రాసింది. ఒంటికి అంటిపెట్టుకుని పెరిగిన న్సో పిల్లలు ఏడాదిన్నర దాటేసరికే పెద్దల మాట వినడం, తమని తాము ఆపుకోవడం ముందుగా నేర్చారు. ఎదురుగా కూర్చోబెట్టి ఆడించిన గ్రీసు పిల్లలు అద్దంలో కనబడేది తామేనని ముందుగా పోల్చుకున్నారు. ఎత్తుకుంటే చెడిపోతారన్నది ఉత్త భయమని నాకు దీంతో తేలిపోయింది. చంకనెక్కించుకోవడం వేరు, నెత్తినెక్కించుకోవడం వేరు. అమ్మ మొదటిది బాగా చేసింది, ఐదేళ్ళవాడికి రెండోది కూడా చేస్తోంది.

అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. మా ఇంట్లో పెంపకం ఒకటి కాదు, రెండు. బాబుకి గారాబం, పాపకి క్రమశిక్షణ. ఇదంతా అమ్మ చాదస్తమేనని హాయిగా ఆవిడ మీద తోసేద్దామనుకున్నాను. మర్నాడు చెరువు గట్టుకి వెళ్ళాక నా సంగతీ బయటపడింది. గట్టు దిగేటప్పుడు "మెల్లగా తల్లీ, చెయ్యి పట్టుకో" అని పాపతో రెండుసార్లు అన్నాను. వాడు జారుతూ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. పాప నిలకడగానే దిగింది, మోకాలు చీరుకున్నది వాడే. అమెరికాలో 11 నెలల పిల్లలతో ఇలాంటి పరీక్షే చేసి 2000లో ప్రచురించారు. మీ బిడ్డ ఎంత వాలు మీద పాకగలదో చెప్పమని తల్లుల్ని అడిగితే, మగపిల్లల తల్లులు ఎక్కువ చెప్పారు, ఆడపిల్లల తల్లులు తక్కువ చెప్పారు. పాకించి చూస్తే ఆడా మగా తేడా ఏమీ లేదు. ఇది చదివినప్పుడు పాపం ఆ తల్లులు అనుకున్నాను. గట్టు మీద నేను చేసిందీ అదే.

ఆడపిల్లకి ఎంత వాలు చాలో ఇంట్లోవాళ్ళే కాదు, ఊరు కూడా నిర్ణయిస్తుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్ల బరువులెత్తితే ఎవరూ వింతగా చూడరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఇలాంటి జిల్లాల్లో ఉండి నేను చెరువు గట్టుకి భయపడ్డాను!

మూడో దారి, అంటే చేతికో పనివ్వడం, నాకు చిన్నప్పుడే తెలుసు, దాని మీద పరిశోధన జరిగిందని మాత్రం తెలియదు. 1950ల్లో వైటింగ్ దంపతులనే మానవ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో ఆరు దేశాల్లో ఒక్కో ఊరు ఎంచుకుని పిల్లల్ని గమనించారు. మన ఉత్తరప్రదేశ్‌లోని ఖాలాపూర్ అందులో ఒకటి. ఇంటికి నిజంగా అవసరమైన పనులు, ముఖ్యంగా చంటివాళ్ళని చూసుకోవడం, పిల్లలకి అప్పగించే చోట వాళ్ళు పక్కవాడికి సాయపడటం ఎక్కువ కనబడింది. ఆ తర్వాత కరోల్ ఎంబర్ అనే పరిశోధకురాలు కెన్యాలో లువో తెగ కుటుంబాల్లో చూసిన సంగతి నాకు మరీ దగ్గర. ఇంట్లో ఈడుకొచ్చిన ఆడపిల్ల లేకపోతే ఆ పనులు మగపిల్లాడి మీద పడతాయి. ఇంటి లోపలి పనులు అలా చేసిన అబ్బాయిల్లో దూకుడూ పెత్తనమూ మిగతా అబ్బాయిల్లో కంటే తక్కువ. 1973లో ఇది అచ్చయింది.

మా ఇంట్లో కూడా ఆడపిల్లల్లేరు. అమ్మ జీడిపిక్కల పనికి వెళ్తే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది నేను. చోడి అంబలి కాచింది నేను. పక్క గుమ్మంలోనే మా పెద్దనాన్న కొడుకు, వాడికి ముగ్గురు అప్పలు. నలభై దాటినా ఇప్పటికీ మంచం మీంచి లేవకుండా "నీళ్ళు" అని కేకేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఎవరూ లేపలేదు, అంతే. నాలో గొప్పా లేదు, అమ్మకి కూతురు పుట్టలేదు. రెండిళ్ళు చూసి సూత్రం కట్టకూడదని తెలుసు. కానీ ఆ రెండిళ్ళకీ గోడ ఒకటే, బియ్యం ఒకటే, బరికె కూడా ఒకే చెట్టుదే.

కాబట్టి నన్నడిగితే బెత్తం ఆఖరుది. దానికంటే గారాబం మేలు, రెండు మూడేళ్ళ లోపైతే సందేహమే అక్కర్లేదు. ఆ తర్వాత కారణం చెప్పి చేతికో పనివ్వడం ఈ రెండింటికన్నా మేలు. అయితే ఎవరి చేతికి? పని మంచిదే అయితే మా పాప ఇప్పటికే చాలా చేసింది. తమ్ముడి కోసం చదువు మానుకున్న అప్పలు మా ఊళ్ళో ఇంటికొకరు దొరుకుతారు. పాపకి పని తగ్గించి గట్టు పెంచాలి, వాడికి పని పెంచాలి.

గట్టుకి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్న టిఫిన్ అయ్యాక వాడి కంచం వాడికే ఇచ్చి కుళాయి దగ్గరికి పంపాను. పాప అప్పటికే ఒక్కతే చెరువు వైపు వెళ్ళింది, నేను వెనకాల పరిగెత్తకుండా ఆపుకున్నాను.

"ఆడి సేత కంచం కడిగిస్తావేట్రా?" అంది అమ్మ.

నేనేమీ అనలేదు. వాడు సగం నీళ్ళు చొక్కా మీద పోసుకుని కంచం తెచ్చి అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది.

"అంచుకి మెతుకు ఉండిపోనాది. మళ్ళీ కడుగు" అని వాడి చేతిలోనే పెట్టింది.