గరం హవా: ఒక హవేలీ, ఒక చెప్పుల వ్యాపారం, కొన్ని కాగితాలు

కుటుంబ కథలో ఉండాల్సిన పెళ్లి సంబంధాలు, అన్నదమ్ముల ఆస్తి, మొండి ముసలమ్మ, ఉద్యోగం దొరకని కొడుకు, అన్నీ ఎం.ఎస్. సత్యు తీసిన 'గరం హవా' (1973)లో ఉన్నాయి. దేశ విభజన మీద తీసిన సినిమా అయినా తెర మీద ఊచకోతలు కనపడవు. ఇంట్లో ఒక్కొక్క కష్టం ఒక్కొక్క కాగితం పట్టుకుని వస్తుంది. ఇంటి దస్తావేజు, బ్యాంకు అప్పు, పాస్‌పోర్టు. ఈ సినిమా బలమంతా అక్కడే ఉంది.

ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడిపే సలీం మీర్జా (బలరాజ్ సాహ్ని) ఊరు వదలనంటాడు. అన్న హలీం ముస్లిం లీగు నాయకుడు. తాను వెళ్లనని సభల్లో చెప్పి, చివరకు పాకిస్తాన్ వెళ్లిపోతాడు. హవేలీ అన్న పేరున ఉంది, తమ్ముడి పేరుకు మార్చలేదు. వెళ్లిపోయినవాళ్ల ఆస్తిని కస్టోడియన్ (అలాంటి ఆస్తులు చూసే ప్రభుత్వ అధికారి) స్వాధీనం చేసుకోవడమే అప్పటి చట్టం. అందువల్ల లోపల కాపురమున్న తమ్ముడు సొంత ఇంట్లోనే పరాయివాడు అవుతాడు. ఇది ముందే తెలిసి చూస్తే మొదటి అరగంట తికమక ఉండదు. తెలియకపోతే ఇల్లు ఎందుకు పోతోందో అర్థమయ్యేలోపు సగం సినిమా అయిపోతుంది.

వ్యాపారం సంగతి ఇంకా బాగా తీశారు. 'వీళ్లు కూడా రేపో మాపో వెళ్లిపోతారు, అప్పు ఎవరు తీరుస్తారు' అని బ్యాంకువాళ్లూ షావుకార్లూ చేయి వెనక్కి లాగుతారు. అప్పు పుట్టకపోతే తోలు రాదు, తోలు లేకపోతే ఆర్డరు పోతుంది. ఆదోని పత్తి మార్కెట్టు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు ఎరిగినవాళ్లకి ఈ ఘట్టాలు వివరించాల్సిన పని లేదు. నోటిమాట మీద నడిచే బేరంలో ఆ మాట చెల్లకపోతే ఏమవుతుందో సాహ్ని గొంతు పెంచకుండా, టోపీ సర్దుకుంటూ చూపిస్తాడు. ఆయన నటించిన గొప్ప పాత్రల్లో దీన్నే ముందు పెట్టాలి. డబ్బింగు పూర్తయిన మరునాడే, 1973 ఏప్రిల్ 13న ఆయన చనిపోయారు.

బంధుత్వాల దగ్గర తెలుగు ప్రేక్షకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కూతురు ఆమీనా ఇష్టపడే కాజిం ఆమె పెదనాన్న కొడుకు. మన లెక్కలో అన్న వరస, ముస్లిం కుటుంబాల్లో పెళ్లికి తగిన సంబంధమే. తర్వాత వచ్చే షంషాద్ మేనత్త కొడుకు, ఆ వరసలో మనకు ఇబ్బంది లేదు. కాజిం ఆమెను పెళ్లాడటానికి పాస్‌పోర్టు లేకుండా సరిహద్దు దాటి వస్తే ఏమవుతుందన్నది కథలో అతి పెద్ద మలుపు. అది ఇక్కడ చెప్పను.

సలీం తల్లి అయిన ముసలమ్మ పాత్రలో బదర్ బేగంను చూడటానికే ఒకసారి ఈ సినిమా చూడొచ్చు. ఇల్లు వదిలేది లేదని ఆమె కట్టెల కొట్టులో దాక్కునే దృశ్యం చూస్తే మొదట నవ్వు వస్తుంది, వెంటనే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది.

ఇస్మత్ చుగ్తాయ్ కథకు కైఫీ ఆజ్మీ, షమా జైదీ స్క్రీన్‌ప్లే రాశారు. కైఫీ మాటలు ముషాయిరా (కవి సమ్మేళనం) ఉర్దూ కాదు, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ. కడప, కర్నూలు పాతబస్తీల్లో దక్కనీ మాట్లాడే పెద్దలకు సబ్‌టైటిల్స్ లేకున్నా నడుస్తుంది. హిందీ సినిమాలకు అలవాటు పడ్డవాళ్లకు ఆస్తి, కోర్టు మాటల దగ్గర మాత్రం కొంచెం కష్టం.

లోపాలు చెప్పాలంటే మొదటిది శబ్దం. ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చింది రెండున్నర లక్షలు. షూటింగులో మాటలు రికార్డు చేసే స్థోమత లేక అరువు కెమెరాతో బొమ్మ మాత్రం తీసి, తర్వాత మొత్తం డబ్బింగు చేశారు. పెదవులకూ మాటకూ అక్కడక్కడ పొంతన తప్పుతుంది. రెండోది, రాజకీయ నాయకులు ఎండ ఎటుంటే అటు గొడుగు పట్టే దృశ్యాలు. అందులో కొన్ని ఉపన్యాసంలా సాగుతాయి.

ఫొటోగ్రఫీకి మాత్రం వంక పెట్టలేం. ఆగ్రాలో నిజమైన హవేలీలో, ఇరుకు సందుల్లో తీసింది ఇషాన్ ఆర్య. జనాన్ని దారి మళ్లించడానికి ఫిల్ము లేని కెమెరాతో ఉత్తుత్తి యూనిట్‌ను వేరే చోటికి పంపేవాళ్లట. ఇదే ఇషాన్ ఆర్య తర్వాత మన 'ముత్యాల ముగ్గు' (1975)కు కెమెరా పట్టి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఆ సినిమా నచ్చినవాళ్లు ఇక్కడ కిటికీల నుంచి పడే వెలుతురును గమనించాలి. సలీం చిష్తీ దర్గా ఖవ్వాలీ పాడింది హైదరాబాదు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ బృందం. కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసులో ఖవ్వాలీ విన్న చెవులకు ఆ పాట కొత్తగా అనిపించదు.

నిడివి దాదాపు రెండు గంటల 25 నిమిషాలు. శుభ్రం చేసి 2014లో మళ్లీ విడుదల చేసిన ప్రింటే చూడండి. పాత టీవీ రికార్డింగుల్లో రాత్రి దృశ్యాలు నల్లగా ముద్దకడతాయి, మాటలు గరగరమంటాయి. హాల్లో పది మందికి వేసేటట్లయితే స్పీకర్లలో బాస్ (గంభీరమైన కింది శబ్దం) తగ్గించి మాట స్పష్టంగా వినపడేలా చూసుకోండి. మధ్యలో విరామం కోసం ఆగాలంటే హవేలీ ఖాళీ చేసిన ఘట్టం తర్వాత ఆగండి, ఆమీనా ఘట్టాల మధ్యలో వద్దు. ఆత్మహత్య దృశ్యం ఉంది కాబట్టి చిన్నపిల్లలతో కలిసి చూడకపోవడమే మంచిది.