పై పళ్ళు ఎక్కువ కనబడితే అందమా, తక్కువ కనబడితేనా?

క్లిప్పులు వేయించుకునేవాళ్ళయినా కట్టుడు పళ్ళు పెట్టించుకునేవాళ్ళయినా పళ్ళ వరస తిన్నగా ఉందా లేదా అనే చూస్తారు, కానీ నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది పై పెదవి కింద పన్ను ఎంత కనబడుతోందన్నది, వయసు బయటపడేది అక్కడే.

1978లో విగ్, బ్రుండో అని ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచారు. పెదాలు వదులుగా వదిలేసినప్పుడు 30 లోపు వాళ్ళకి పై ముందు పన్ను సగటున 3.4 మిల్లీమీటర్లు కనబడింది, నలభైల్లో వాళ్ళకి 1 కూడా లేదు, 60 దాటాక దాదాపు సున్నా. కింది పళ్ళు రివర్స్‌లో అర మిల్లీమీటరు నుంచి 3 దాకా పెరిగాయి. వయసుతో పెదవి సాగి కిందికి దిగుతుంది, పళ్ళూ అరుగుతాయి మరి.

అందుకే నవ్వితే చిగురు కనబడుతోందని 16 ఏళ్ళ పిల్లకి పళ్ళు పైకి జరిపించేయాలని తొందరపడొద్దు. కొంచెం చిగురు కనబడటం ఆ వయసుకి అందమే, పైగా పెదవి ఎలాగూ దిగుతుంది, ఇప్పుడే పైకి జరిపిస్తే నలభైకల్లా పన్ను కనబడని నవ్వు మిగులుతుంది.

పెద్దవాళ్ళకైతే కాస్త ఎక్కువ కనబడటమే మేలు. మా అమ్మకి కట్టుడు పళ్ళు చేయించినప్పుడు మైనంలో పళ్ళు పెట్టి ట్రయల్ చూశారు, మొదటిసారి పెదవి కింద పన్నే కనబడలేదు, అమ్మ అద్దం చూసుకుని "పళ్ళు పెట్టినట్టే లేదే" అంది. ఇంకోసారి ఒక మిల్లీమీటరు కిందికి దించారు, అంతే, మాట్లాడుతుంటే మొహం వెలిగిపోయింది, నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాగని మరీ దించకూడదు, "వ", "ఫ" పలికేటప్పుడు పై పళ్ళు కింది పెదవికి గుచ్చుకుంటాయి.

ఇంక మిడ్‌లైన్, అంటే పై ముందు పళ్ళు రెండింటి మధ్య గీత, మొహానికి సరిగ్గా మధ్యలో లేదని ఎక్కువ బాధపడేవాళ్ళకి ఒక మాట. 1999లో కోకిచ్ అనే పళ్ళ డాక్టర్ బృందం చేసిన పరిశీలనలో ఆ గీత 4 మిల్లీమీటర్లు పక్కకి జరిగినా మామూలు జనం పట్టుకోలేదు, అదే ముందు పళ్ళు 2 మిల్లీమీటర్లు ఒరిగితే పట్టేశారు. జరగడం కంటే ఒరగడమే కంటికి తగులుతుంది.

ఏదైనా చేయించుకునే ముందు "అమ్మ" అని పెదాలు అలాగే వదిలేసి ఎదురుగా ఒక ఫోటో తీసుకోండి, నవ్వుతూ ఇంకోటి. డాక్టర్‌కి రెండూ చూపించండి.