లైబ్రరీలో నాటకమా, ఊళ్లో భారతమా?

రాజకీయాలు మారితే నాటకం ఎలా మారుతుందో ప్రాజెక్టు చేద్దామనుకునే తిరుపతి విద్యార్థికి దారులు రెండు: లైబ్రరీలో పుస్తకాలు, లేదా ఊళ్లో మహాభారత కథను ఆడే 'భారతం' ఉత్సవం.

ఖర్చు: లైబ్రరీకి బస్సు చార్జీ చాలు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతానికి ఆటో, టీలు అదనం.

శ్రమ: పుస్తకం తీరిగ్గా చదవొచ్చు. భారతమంటే పగలు హరికథ, రాత్రంతా వీధినాటకం, చాలాచోట్ల 18 రోజులు. తపస్సు మాను (అర్జునుడి తపస్సు ఘట్టం కోసం పాతే పొడవాటి స్తంభం) మీంచి అర్జునుడి వేషగాడు నిమ్మకాయలు విసురుతుంటే, కింద బిడ్డల కోసం కొంగు పట్టిన ఆడవాళ్లను చూశాక ఇక నిద్రేం పడుతుంది?

దొరికేది: 1876 నాటి బ్రిటిష్ నాటక ప్రదర్శనల చట్టం, 1943లో వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి పుట్టుక, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 'చింతామణి' నాటకంపై నిషేధం... ఇవన్నీ కాగితాల్లోనే. కానీ ముందు వరసలో ఎవరికి శాలువా కప్పారు, హాస్యగాడు ఏ నాయకుడి పేరు దాకా వచ్చి నాలుక కరుచుకున్నాడు? అది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఈ విషయంలో నా ఓటు భారతానికే.

రిస్క్: లైబ్రరీ దారిలో పోతే మార్కులే పోతాయి. ఊళ్లో అడక్కుండా వీడియో తీస్తే, "ఏ పార్టీ తరఫున వచ్చినావు నాయనా?" అంటారు.

చేతిలో ఒక్క సెమిస్టరే ఉంటే లైబ్రరీ. వేసవంతా ఖాళీగా ఉండి, ఆ ఊళ్లో చుట్టమొకరుంటే భారతం.