ఎల్లీ బ్లాక్‌ను మళ్లీ చూపిన వీడియో సేవ

కెనడా జిమ్నాస్ట్ ఎల్లీ బ్లాక్ ప్రదర్శనలను వరుసగా చూడాలనే కోరికతోనే నేను ఈ వీడియో సేవకు చందా కట్టాను. 2017లో మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో ఆమె ఆల్‌రౌండ్ (అన్ని పరికరాలపై ప్రదర్శనల మార్కులు కలిపి తేల్చే విభాగం) రజతం గెలిచి, ఆ విభాగంలో పతకం సాధించిన తొలి కెనడా మహిళ అయిన ఘట్టం ఇందులో స్పష్టంగా ఉంది. అయితే నన్ను కట్టిపడేసింది టోక్యో ఒలింపిక్స్ బీమ్ ఫైనల్. చీలమండ గాయంతో ఆల్‌రౌండ్ ఫైనల్‌ను వదులుకున్న ఆమె, పది సెంటీమీటర్ల వెడల్పున్న ఆ దూలంపై నిలదొక్కుకుని నాలుగో స్థానంలో నిలిచిన తీరును నెమ్మది వేగంలో చూస్తే, ప్రతి అడుగులోని నిబ్బరం కళ్లకు కడుతుంది. 2022 లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో కెనడా మహిళల జట్టు గెలిచిన కాంస్యాన్ని మాత్రం ముక్కలుగా కత్తిరించి చూపడం నాకు బాధ కలిగించింది.