మట్టి మూకుడు, వరికుచ్చు, 8x42 బైనాక్యులర్: పెరటి పిట్టల కోసం ఏళ్లుగా వాడాక

పెరట్లో పిట్టల్ని చూడాలనుకునేవాళ్లు ముందుగా కొనేది గింజలు పోసే ప్లాస్టిక్ ఫీడర్. మన ఊళ్లలో దానికంటే వెడల్పాటి మట్టి మూకుడే నయమని ఏళ్ల తరబడి రెండూ వాడాక గట్టిగా చెబుతున్నాను. పాడే పిట్టల్లో చాలావాటికి గింజలతో పనే లేదు. పెద్దనలంచి (మాగ్‌పై రాబిన్), దర్జీపిట్ట పురుగులు ఏరుకుంటాయి. తేనెపిట్టకు పూలతేనె, సాలీళ్లు కావాలి. పికిలిపిట్ట పళ్ల కోసం చూస్తుంది. గింజలు పోస్తే దిగేవి పావురాలే. నీళ్లకైతే అన్నీ వస్తాయి.

మూకుడు 35 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు. అంచు దగ్గర నీళ్లు 2 సెంటీమీటర్లు చాలు. లోతు ఎక్కువైతే చిన్న పిట్టలు అంచు మీద నిలబడి గుక్కెడు తాగి పోతాయి తప్ప స్నానానికి దిగవు. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే దర్జీపిట్ట కూడా ధైర్యం చేస్తుంది. గ్లేజు పూసినవి కాలికి జారతాయి, తీసుకోవద్దు. స్టీలు, ప్లాస్టిక్ గిన్నెల్లో నీళ్లు మే ఎండకు కాగిపోతాయి. మట్టి చెమరుస్తుంది కాబట్టి మూకుట్లో చల్లగానే ఉంటాయి. ఆ చెమర్చడం వల్లే నీళ్లు త్వరగా తగ్గుతాయి కూడా, ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నింపక తప్పదు. కొత్తదాన్ని ఒక రాత్రంతా నానబెట్టి వాడాలి. బోరు నీళ్లతో తెల్లటి పొర కడితే చింతపండుతో తోమండి, పోతుంది. సబ్బు మాత్రం వద్దు, ఈకల మీది నూనె పోతుంది.

దోమల భయంతో చాలామంది నీళ్లు పెట్టడమే మానేస్తారు. రోజూ ఒంపేస్తే సరిపోతుందనుకోవడం ఇక్కడ పొరపాటు. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ గుడ్లు నీళ్లలో తేలవు, నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికే ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే రెండు రోజులకోసారి కొబ్బరి పీచుతో లోపలి గోడంతా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం పైనే పడుతుంది కాబట్టి ఈ పద్ధతి తప్పకపోతే చాలు.

మూకుణ్ని నేలమీద కాక మీటరు ఎత్తు దిమ్మె మీద, నీడలో పెట్టండి. పారిపోయి దాక్కోవడానికి పొదో కొమ్మో రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. పొదకు ఆనించి పెడితే పిల్లికి మాటు దొరికినట్టే.

పిచ్చుకల కోసమైతే వరికుచ్చును మించింది లేదు. ఊరపిచ్చుక కంకిని పట్టుకుని వేలాడుతూ తింటుంది, పావురానికి అది చేతకాదు. కాకపోతే కుచ్చును గోడకు, గట్టుకు అర మీటరు ఎడంగా కట్టాలి. నిలబడే చోటు అందితే పావురం మెడ చాచి లాగేస్తుంది. చూరు కింద వాన తగలని చోటే వేలాడదీయండి. తడిస్తే గింజ బూజు పడుతుంది, అది పిట్టలకు ప్రమాదం, వెంటనే తీసేయాలి. తేనెపిట్టలకు పంచదార నీళ్లు అక్కర్లేదు. మందారం, నూరువరహాలు వేసుకుంటే అవే వస్తాయి.

ఇంటి నుంచి చూడటానికి 8x42 బైనాక్యులర్ సరైన కొలత, అంటే 8 రెట్లు పెంచి చూపేది, ముందు లెన్సు 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. 10 రెట్లు పెంచేదాంట్లో చేతి వణుకు కూడా పెరుగుతుంది, కనబడే మేర తగ్గుతుంది, కొమ్మల్లో గెంతే పిట్టను పట్టుకోలేం. కొనేముందు రెండు మీటర్ల దగ్గరి వస్తువు మీద ఫోకస్ అవుతుందో లేదో చూసుకోండి, కిటికీ పక్క కొమ్మకు అది కావాలి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (లెన్సుకు కన్ను ఎంత ఎడంగా ఉన్నా దృశ్యం పూర్తిగా కనబడుతుందో ఆ దూరం) 16 మిల్లీమీటర్లకు తగ్గనిది ఎంచుకుని, కంటికి ఆనే ఐ కప్పులు కిందికి దించి చూడాలి. వానాకాలంలో దీనికి శత్రువు లెన్సు మీద పట్టే ఫంగస్. దానితో వచ్చిన సంచిలో కాక, బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి.

రుతువు మారడం ఇంత దగ్గరగా చూపించే పిట్ట ఊదారంగు తేనెపిట్ట. వానలు తగ్గేసరికి మగది నిగనిగలాడే నలుపు వదిలేస్తుంది. కింది భాగం ఆడదానిలా పసుపుపచ్చగా మారి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్ల గీత మిగులుతుంది. ఆ గీత లేకపోతే ఆడదే. చలి తగ్గేవేళకు ఆ గీతకు అటూ ఇటూ నల్లటి మచ్చలు మొలుస్తాయి, కొన్నాళ్లు అతుకుల బొంతలా కనిపిస్తుంది, ఉగాది నాటికి మళ్లీ ఊదా మెరుపు. దాని చుట్టం, నడుము మీద ఊదా మచ్చ ఉండే రకంలో మగది ఏడాదంతా ఒకే రంగులో ఉంటుంది. రెండూ ఒకే మందారానికి వస్తాయి కాబట్టి బైనాక్యులర్ లేకుండా ఈ తేడా తెలియదు.

చెవికి తెలిసే మార్పులూ ఉన్నాయి. చలికాలమంతా గరగరమనడమే తప్ప పాడని పెద్దనలంచి మార్చికి తెల్లవారకముందే రాగం ఎత్తుకుంటుంది, జులై దాకా సాగుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో పొదలోంచి 'చెక్, చెక్' అని వినిపిస్తే ఉత్తరాన దూరదేశాల నుంచి బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనే చిన్న వలసపిట్ట దిగినట్టు. ఏప్రిల్ దాకా ఆ పొదలోనే ఉంటుంది, కనబడేది అరుదు.

ఇలాంటివాటికి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ పనికొస్తుంది, కూత విని పిట్ట పేరు చెబుతుంది. ఉచితం. మన దేశపు పిట్టల సమాచారం ఉండే ఇండియా ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకుండా కూడా శబ్దాన్ని గుర్తిస్తుంది. కానీ ఫ్యాను, మిక్సీ మోతలో తడబడుతుంది. పెద్దనలంచి ఇతర పిట్టల గొంతులు అనుకరిస్తుంది కాబట్టి అది పాడుతున్నప్పుడు పెరట్లో లేని పిట్టల పేర్లూ తెర మీద పడొచ్చు. యాప్ చెప్పిన పేరును ఎటు చూడాలో చెప్పే సూచనగానే తీసుకోండి, కంటితో చూశాకే రాయండి. గూళ్లు కట్టే కాలంలో ఫోనులో పాట వినిపించి పిట్టను రప్పించడం అసలు చేయకూడదు, గూడు వదిలి పోరుకు వస్తుంది.

చూసిన పిట్టల లెక్క రాసుకోవడానికి ఈబర్డ్ అనే వెబ్‌సైట్ మంచిది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పిట్టల లెక్కింపు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు కనీసం 15 నిమిషాలు కూర్చుని లెక్కించాలి. మిగతా ఏడాది కూడా అదే 15 నిమిషాలు, అదే కిటికీ, అదే వేళ పాటిస్తేనే ఒక నెలను ఇంకో నెలతో పోల్చగలం. సంఖ్య బదులు, ఉందని మాత్రమే తెలిపే 'ఎక్స్' కొట్టకుండా కనబడినన్ని అంకెల్లో వేయండి, కాకులు, పావురాలతో సహా.