మ్యాడ్ మొత్తం ఒకే డీవీడీలో, మడత పేజీ మాత్రం మీరే మడవాలి

1952 నుంచి 2005 దాకా వచ్చిన అమెరికా హాస్య పత్రిక 'మ్యాడ్' సంచికలు, ప్రత్యేక సంచికలతో కలిపి ఆరువందల పైచిలుకు, ఒకే డీవీడీలో. పేరు 'ఆబ్సల్యూట్లీ మ్యాడ్', విడుదల 2006. ఇప్పుడు సెకండ్‌హ్యాండే గతి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన పాత సంచిక ఒక్కటి దొరికినా పండగ చేసుకున్న తరానికి ఇది పెళ్లి భోజనమే. వడ్డనే కాస్త తేడా.

కొనేముందు డిస్కును వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. మధ్య నుంచి అంచుకు పోయే గీతలు అంతగా బాధించవు. చుట్టూ వలయంలా పోయిన గీతతోనే ప్రమాదం. డేటా ట్రాక్ కూడా అదే దిశలో తిరుగుతుంది కాబట్టి ఒకేచోట వరసగా పోతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు చాలావరకు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించాల్సిందే. చేతికొచ్చిన రోజే మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేయండి, 9 జీబీ ఖాళీ ఉంటే సరిపోతుంది. కాపీ మధ్యలో ఆగిందంటే మారుమాట లేకుండా వాపసు ఇవ్వండి. పేజీలన్నీ పీడీఎఫ్‌లే, తెరవడానికి వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోనక్కర్లేదు.

ఇక అసలు ఇబ్బంది ఫోల్డ్-ఇన్, అంటే మడిస్తే బొమ్మ మారిపోయే పేజీ. కార్టూనిస్టు అల్ జాఫీ 1964లో మొదలుపెట్టిన ఈ పేజీ వెనక అట్ట లోపలివైపు ఉండేది. కుడి అంచును ఎడమకు తెచ్చి మళ్లీ వెనక్కి మడిస్తే ఏ, బీ గుర్తులు కలిసి, నడిమి భాగం మాయమై, పైన ప్రశ్నకు జవాబుగా కొత్త బొమ్మ తేలుతుంది. కింది వాక్యంలో రెండు చివరలూ అతుక్కుని కొత్త మాట అవుతాయి. జాఫీ దీన్ని గట్టి బోర్డు మీద గీసేవాడు, అచ్చయ్యేదాకా మడిచి చూసుకునే వీలే లేదు! తెరను మడవలేం కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి, పెయింట్‌లో బీ గుర్తుకు కుడివైపు ముక్కను కోసి, ఏ గుర్తుకు ఆనించండి. వెంట్రుకవాసి తప్పినా అక్షరాలు కలవవు, అందుకే ముందు పేజీని పెద్దది చేశాకే స్క్రీన్‌షాట్ తీయాలి. కాగితం సంచికల్లో ఎవరో ముందే మడిచేసి, మడత దగ్గర రంగు రాలిపోయి ఉంటుంది. ఆ బాధ ఇందులో లేదు.

పేజీ మొత్తం తెర మీద పెడితే కార్టూనిస్టు సెర్జియో ఆరగోనెస్ అంచుల్లో గీసిన బుల్లి బొమ్మలు చీమల బారులా కనిపిస్తాయి. 200 శాతానికి పెంచి మార్జిన్ల వెంట జరుపుకుంటూ వెళ్లాలి. ఇద్దరు గూఢచారుల కామిక్ 'స్పై వర్సెస్ స్పై' శీర్షిక కింద ఉండే చుక్కలూ గీతలూ స్కానింగ్ మరకలు కావు. అది టెలిగ్రాఫ్ భాష మోర్స్ కోడ్‌లో 'బై ప్రోహియాస్' అని దాన్ని గీసినాయన సంతకం.

ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి 23 సంచికలు రంగుల కామిక్స్, 1955లో 24వ సంచికతో పత్రిక రూపం వచ్చింది. కొత్తవాళ్లు డెబ్బైలలోకి దూకడమే మేలు. సినిమా తెలిస్తేనే పేరడీ పేలుతుంది. 'గాడ్‌ఫాదర్' చూసినవాళ్లు 1972 డిసెంబరు సంచికలో మోర్ట్ డ్రకర్ గీసిన 'ఆడ్‌ఫాదర్' తెరవండి, బ్రాండో బుగ్గల దగ్గరే నవ్వు ఆగదు. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ మీద జోకులు మాత్రం ఆనాటి అమెరికా గొడవలు తెలియకపోతే చప్పగా ఉంటాయి. 1957 నుంచి 2001 దాకా ఇందులో కనిపించే ప్రకటనలన్నీ ఎగతాళివే. ఆ తర్వాత నిజమైనవీ చేరాయి, ఏది జోకో ఏది సరుకో రెండోసారి చూస్తే గానీ తేలదు.