మూడేళ్ళు మొహానికి కొబ్బరి నూనె రాశాక

కోనసీమలో కొబ్బరికి పేరుపడ్డ అంబాజీపేట పక్క ఊళ్ళో ఉంటూ కొబ్బరి నూనె మీద ఫిర్యాదు రాయడమంటే సొంత పుట్టింటి మీద చాడీలు చెప్పడమే. అయినా మూడేళ్ళు వాడాను. అందులో ఒక ఎండాకాలం మొత్తం చున్నీతో నుదురు కప్పుకుని తిరిగాను. రాయకుండా ఉండలేను.

కల్తీ నూనె అయ్యుంటుందిలే అనడానికి వీల్లేదు. చెట్ల మీంచి దింపించిన కాయలే కొట్టించి, చిప్పలు డాబా మీద ఎండబెట్టి, మిల్లులో దగ్గరుండి ఆడించుకున్నది. కిలో ఎండు కొబ్బరికి అరకిలో పైనే నూనె. డబ్బా మూత తీస్తే వీధి గుమ్మం దాకా వాసన.

మొదట దీని మీద మోజు పుట్టింది మా అత్తగారి కాళ్ళు చూశాక. ధనుర్మాసం వచ్చిందంటే ఆవిడ మోకాళ్ళ కింద చర్మం కోతలైన చేనులా నెర్రెలు ఇచ్చేది. గోకితే తెల్లటి గీతలు, పొట్టు. స్నానం చేసి వచ్చాక తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయడం మొదలుపెట్టాం. చలికి పేరుకున్న నూనెను స్పూనుతో తీసి అరచేతిలో కరిగించి మరీ రాసేదాన్ని. పది పన్నెండు రోజులకే గీతలు పోయాయి, రాత్రిళ్ళు గోక్కోవడం తగ్గింది. నూనె తడిని ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. అందుకే ఒళ్ళు ఆరిపోయాక రాసిన రోజు అంత గుణం కనిపించేది కాదు. పొడి చర్మం వాళ్ళ కాళ్ళకు రెండు వారాలు రాయించి ఫిలిప్పీన్స్‌లో చేసిన పరీక్ష ఒకటి 2004లో అచ్చయింది. బాగానే పనిచేసిందని తేల్చారు. కాకపోతే పెట్రోలియం నుంచి తీసే మామూలు మినరల్ ఆయిల్ కూడా దీనికి సమానంగానే పనిచేసిందట. ఆ ముక్క అప్పట్లో నేను పట్టించుకోలేదు.

ఆవిడ కాళ్ళకు అంత మేలు చేసింది నా మొహానికి చేయదా అనుకున్నాను. నాది జిడ్డు చర్మం. పొద్దున్న పదింటికి కర్చీఫ్‌తో ముక్కు తుడిస్తే మరక పడుతుంది. ఆ లెక్క వేసుకోలేదు. తొలి రెండు చలికాలాలూ బాగానే గడిచాయి, వేసవిలో రాసేదాన్ని కాదు. "మొహం మెరుస్తోందే" అని నలుగురూ అంటే పొంగిపోయి, హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లికి రెండు లీటర్లు పంపించి "ఇక క్రీములు కొనకు" అని ఉపదేశం కూడా చేశాను.

మూడో ఏడు వేసవిలోనూ మానలేదు. రోహిణి కార్తెలో మొదలైంది. కాలవల్లో నీళ్ళు లేవు, చెట్టాకు కదలదు, ఒకటే ఉక్క. జుట్టు మొదలయ్యే గీత వెంబడి ఆవగింజలంత పొక్కులు, అన్నీ ఒకే సైజు. మొటిమకుండే తెల్లటి మొన లేదు, నొప్పి లేదు, దురద మాత్రం ప్రాణం తీసేది. వారానికి వీపు మీదా వచ్చాయి, అదీ సరిగ్గా జడ ఆనే చోట. అత్తగారు చూసి, "చెమటకాయలే అమ్మాయ్, కొబ్బరి నూనె చలవ, ఇంకాస్త దట్టంగా రాయి" అన్నారు. రాశాను. రాత్రి రాసి, పొద్దున్న లేచి మళ్ళీ రాశాను. నుదురు ఇసక కాగితంలా తయారైంది. మందుల షాపులో మొటిమల క్రీము ఇచ్చారు. దానికి చర్మం మండి పొట్టు లేచింది కానీ పొక్కులు చెక్కుచెదరలేదు.

చివరికి కాకినాడలో చర్మం డాక్టరు దగ్గరకు వెళ్ళాం. డాక్టరు నా మొహం కంటే ముందు జడ చూశారు. "దురద ఉందా? తలకేం రాస్తావమ్మా?" అని అడిగి, ఒక పొక్కును బ్లేడుతో గీరి గాజు పలక మీద పెట్టించారు. మొటిమలు కావు, చెమటకాయలూ కావు. మలసేజియా అని, అందరి చర్మం మీదా ఉండే ఫంగస్. దాని తిండి కొవ్వు. కొబ్బరి నూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కూడా దానికి పనికొస్తుందట. పైన చెమట, ఉక్క. "మేత నువ్వే వేశావు" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. లారిక్ ఆమ్లం మొటిమల బాక్టీరియాను చంపుతుందని చదివే కదా నేను ధైర్యంగా రాసింది! అది ల్యాబ్‌లో నిజమే. కానీ నా నుదుటి మీద ఉన్నది బాక్టీరియా కాదు.

చర్మ రంధ్రాలు మూసేసే గుణానికి ఐదు వరకు మార్కులు వేసే పట్టికల్లో కొబ్బరి నూనెకు నాలుగు కనిపిస్తుంది. ఆ మార్కులు చాలావరకు కుందేళ్ళ చెవుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. కుందేలు చెవికీ నా మొహానికీ పోలికేంటని ఒకప్పుడు తీసిపారేశాను. ఇప్పటికీ వాటిని పూర్తిగా నమ్మను, కానీ ఎగతాళి మానేశాను.

ఫంగస్‌ను తగ్గించే కీటోకొనజోల్ షాంపూను నుదుటికీ వీపుకీ పట్టించి, కాసేపుంచి కడగమన్నారు. నూనె పూర్తిగా బంద్. దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతికాను, జడ పైకి ముడేశాను. మూడు వారాలకు నుదురు నున్నబడింది, మచ్చలకు ఇంకో రెండు నెలలు పట్టింది. నా పొక్కులు అవి కాబట్టి ఆ మందు. మీవి ఏమిటో చూపించుకోకుండా అదే కొనకండి.

ఇప్పుడు తలంటుకు అరగంట ముందు జుట్టుకు మాత్రం రాస్తాను, నుదుటి మీదకు జారితే వెంటనే తుడిచేస్తాను. చెల్లిది పొడి చర్మం, పైగా రోజంతా ఏసీలో ఉంటుంది. తనకు ఇప్పటికీ బాగానే ఉందట. మొటిమలతో ఉన్న వాళ్ళబ్బాయికి మాత్రం రాయొద్దని ఫోన్ చేసి చెప్పాను. అత్తగారి కాళ్ళకు మానలేదు, మానను కూడా. కాకపోతే ఆ జిడ్డుకు బాత్‌రూమ్ గచ్చు మీద ఆవిడ ఒకసారి జారారు, అప్పటినుంచి మంచం మీద కూర్చోబెట్టే రాస్తున్నాను.

వచ్చే చలికాలం మోచేతులకు రాసుకుంటానేమో. మొహానికైతే, ఈ ఉక్కలో, ఈ జిడ్డు చర్మంతో, మళ్ళీ ధైర్యం చేయను. అత్తగారు మాత్రం అవి చెమటకాయలేనని ఇప్పటికీ అంటారు.